కరెంటు బండ్లకు కరెంటు చాలుతుందా?

విద్యుత్ వాహనాల మాట వచ్చినప్పుడల్లా రెండు అనుమానాలు వెంటే వస్తాయి. ఇళ్లకూ మోటర్లకే సరిగా అందని కరెంటు ఈ బండ్లన్నిటికీ ఎక్కడినుంచి వస్తుందనేది మొదటిది. జనం ఇలా పెరిగిపోతుంటే ఎంత కరెంటు తయారుచేసినా ఏ మూలకనేది రెండోది. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. కానీ వీటికి జవాబు దేశం మొత్తానికి కట్టిన సగటు అంకెల్లో దొరకదు. ఒక ప్రాంతంలో కరెంటు దేనికి ఖర్చవుతోంది, ఏ వేళలో ఖర్చవుతోంది అని చూసినప్పుడే దొరుకుతుంది.

ఆ లెక్క చూడడానికి పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలని పిలిచే మదనపల్లె, పుంగనూరు, సదుం, కుప్పం ప్రాంతం తగిన చోటు. ఇక్కడ ఏడాది పొడవునా పారే నది లేదు. టమాటా, పాడి, మల్బరీ ఆధారంగా బతుకులు నడుస్తాయి. సాగంతా బోర్ల మీదే. కూలికి, ఉద్యోగానికి బెంగళూరు పోయేవాళ్లు ఇంటింటా ఉంటారు. పెట్రోలు, కరెంటు, నీళ్లు, జనం అనే నాలుగు లెక్కలూ ఇక్కడ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

రోడ్డెక్కిన బండ్లు

విద్యుత్ వాహనాలకు రాయితీలిచ్చే ఫేమ్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టింది. 2019లో 10,000 కోట్ల రూపాయలతో రెండో విడత, 2024 అక్టోబరులో 10,900 కోట్లతో పీఎం ఈ-డ్రైవ్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో తొలి విద్యుత్ వాహన విధానాన్ని, 2024లో మలి విధానాన్ని ప్రకటించింది. తెలంగాణ 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది.

పడమటి మండలాలకు ఈ మార్పు బస్సు రూపంలో కూడా వచ్చింది. 2022 సెప్టెంబరులో తిరుపతి కేంద్రంగా ఆర్టీసీ 100 విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టింది. హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా సంస్థ తయారుచేసిన ఈ బస్సుల్లో సగం తిరుమల ఘాట్ రోడ్డుకు కేటాయించారు. మిగిలినవాటిని రేణిగుంట విమానాశ్రయంతో పాటు నెల్లూరు, కడప, మదనపల్లె మార్గాలకు ఇచ్చారు. ఘాట్ రోడ్డుకు ఈ బస్సు బాగా సరిపోవడానికి కారణం దాని మోటరు పనిచేసే తీరే. కొండ ఎక్కేటప్పుడు మోటరు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని చక్రాలను తిప్పుతుంది. దిగేటప్పుడు చక్రాలే మోటరును తిప్పుతాయి. అప్పుడది జనరేటరుగా మారి, ఎక్కేటప్పుడు ఖర్చయిన కరెంటులో కొంత తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. డీజిల్ బస్సులో ఆ శక్తంతా బ్రేకుల వేడిగా గాలిలో కలిసిపోతుంది.

స్కూటర్ల తయారీ కూడా కుప్పానికి పొరుగునే ఉంది. సరిహద్దు అవతల తమిళనాడులో, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా, హోసూరులో ఏథర్ కర్మాగారాలున్నాయి. పుంగనూరు దగ్గర 4,640 కోట్ల రూపాయల పెట్టుబడితో విద్యుత్ బస్సులు, ట్రక్కుల కర్మాగారం పెడతామని జర్మనీకి చెందిన పెప్పర్ మోషన్ సంస్థ చేసిన ప్రతిపాదనను 2023లో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది.

బండికి ఎంత, బోరుకు ఎంత

మామూలు విద్యుత్ స్కూటరులో 3 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉంటుంది. ఒకసారి నింపితే 80 నుంచి 100 కిలోమీటర్ల దాకా నడుస్తుంది. ఛార్జింగులో పోయే నష్టం కలుపుకుంటే ప్లగ్గు దగ్గర మూడున్నర యూనిట్లు ఖర్చు. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు సుమారు ఒకటింబావు యూనిట్ సరిపోతుంది. ఇంటి మీటరులో యూనిట్ 6 రూపాయల శ్లాబులో పడినా ఇది ఎనిమిది రూపాయలు మించదు. అదే దూరానికి పెట్రోలు బండి అరలీటరుకు పైగా తాగుతుంది, అంటే 60, 70 రూపాయలు. ఈ తేడా వల్లనే సబ్సిడీలు తగ్గినా బండ్లు పెరుగుతున్నాయి.

ఇప్పుడు అదే ఊరి పొలంలో బోరు సంగతి చూడాలి. ఏడున్నర హెచ్‌పీ మోటరు గంటకు 6 యూనిట్ల దాకా లాగుతుంది. వ్యవసాయానికి ఇచ్చే తొమ్మిది గంటల త్రీ ఫేజ్ కరెంటు మొత్తం వాడుకుంటే రోజుకు 50 యూనిట్లు దాటుతుంది. ఒక బోరు ఒక్కరోజులో వాడే కరెంటుతో ఒక స్కూటరు నెల రోజులకు పైగా తిరుగుతుందన్నమాట.

బోరు లోతు పెరిగేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. వెయ్యి లీటర్ల నీటి బరువు ఒక టన్ను. దాన్ని వెయ్యి అడుగుల లోతు నుంచి పైకి తేవడానికి, ఎక్కడా నష్టం లేదనుకున్నా, యూనిట్‌లో పదింట ఎనిమిది వంతుల పైచిలుకు కావాలి. మోటరు, పంపు, పైపుల్లో సగం పోతుంది కాబట్టి అసలు ఖర్చు ఒకటిన్నర యూనిట్‌కు పైమాటే. అదే నీరు వంద అడుగుల్లో దొరికితే ఇందులో పదోవంతు చాలు. ఊటబావుల కాలం నుంచి వెయ్యి అడుగుల బోర్ల కాలానికి వచ్చేసరికి అదే మడికి, అదే తడికి అన్ని రెట్లు కరెంటు ఎక్కువైంది. పంట పెరగలేదు, భూమి పెరగలేదు, లోతు మాత్రమే పెరిగింది.

2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ అమల్లోకి వచ్చింది. మెట్ట రైతుకు అది నిలదొక్కుకునే ఆసరా. ఆ ఆసరాను తీసేయమనడం న్యాయం కాదు. అయితే ఉచితమైనా ఆ కరెంటుకు ఖర్చుంది. దాన్ని ప్రభుత్వ ఖజానా, భూగర్భ జలం కలిసి భరిస్తున్నాయి. కరెంటు కొరతకు కారణం వెతికేవాళ్లు కొత్త స్కూటరు కంటే ముందు పాత బోరు లోతు కొలవాలి.

నీళ్లు ఎత్తే కరెంటు

కాలువ నీళ్లకూ ఈ ప్రాంతంలో కరెంటే ఆధారం. హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని రాయలసీమ మీదుగా కుప్పం దాకా తెస్తుంది. 40 టీఎంసీల నీటితో 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలనేది పథకం లక్ష్యం. 2025 ఆగస్టు చివర్లో కృష్ణా జలాలు కుప్పం చేరినప్పుడు పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జలహారతి ఇచ్చారు.

శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు. కుప్పం సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉంది. నీరు ఆ తేడాను దాటాలంటే మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తాలి. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అంత నీటిని 400 మీటర్లు ఎత్తడానికి, పంపుల నష్టాలతో కలిపి, దాదాపు 4 కోట్ల యూనిట్లు పడుతుంది. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున దాదాపు లక్ష స్కూటర్లు ఏడాదంతా తిరగడానికి సరిపడే కరెంటు అది.

ఈ పోలిక ఎత్తిపోతలు దండగని చెప్పడానికి కాదు. తాగునీరు, తిండి బండ్ల కంటే ముందుంటాయి. అంత ఖర్చుతో వచ్చిన నీరు చెరువుల్లో నిలిచి, భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టాన్ని పైకి తెస్తే పెట్టిన కరెంటులో కొంత మోటర్ల దగ్గర తిరిగొస్తుంది. తూము పాడైన చెరువులోంచి, గండిపడిన కాలువలోంచి పోయిన నీటితో పాటు దాన్ని ఎత్తిన కరెంటు కూడా పోతుంది. పూడిక తీయడం, కట్ట బలపరచడం, టమాటాకు డ్రిప్ వేయడం నీటిపారుదల పనులే కాదు, విద్యుత్ పొదుపు పనులు కూడా.

కొరత యూనిట్లలో కాదు, గంటల్లో

ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద రోజుకు 20 కోట్ల యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. రాష్ట్రంలో 10 లక్షల స్కూటర్లు రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున తిరిగాయనుకుంటే వాటికి 12 లక్షల యూనిట్లు చాలు. రోజువారీ వాడకంలో అది ఒక శాతం కూడా కాదు. యూనిట్ల లెక్కన చూస్తే కరెంటు చాలదన్న భయానికి ఆధారం లేదు.

అయితే కరెంటును ధాన్యంలా గాదెలో పోసి, కావలసినప్పుడు తీసుకోవడం కుదరదు. ఏ క్షణంలో ఎంత వాడితే ఆ క్షణంలో అంత తయారవ్వాలి. ఒక స్కూటరు ఛార్జరు సుమారు 750 వాట్లు లాగుతుంది. ఆ 10 లక్షల బండ్లనూ సాయంత్రం పని నుంచి రాగానే ఒకేసారి ప్లగ్గుకు పెడితే 750 మెగావాట్ల భారం పడుతుంది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ ప్రాజెక్టులో అన్నిటికంటే పెద్ద యూనిట్ సామర్థ్యమే 600 మెగావాట్లు. లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, మిక్సీలు అన్నీ నడిచే వేళ అది. ఎండ కరెంటు అప్పటికే ఆగిపోయి ఉంటుంది. అదే బండ్లు అర్ధరాత్రి తర్వాతో, పగటిపూటో విడతలుగా ఛార్జయితే ఆ భారం తెలియనే తెలియదు.

కావలసిన వేళకు కరెంటు చాలకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు అనుభవమే. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు కరెంటు ఆపేసి పవర్ హాలిడే ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముదిరి, బొగ్గు నిల్వలు తగ్గినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు మళ్లీ కోతలు పెట్టాల్సి వచ్చింది. గిరాకీ ఉన్నప్పుడు సరిపడా కరెంటు దొరకకపోతే కోత తప్పదని ఈ రెండు సందర్భాలూ చూపాయి.

ఊరి స్థాయిలో ఈ ఇబ్బంది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కనిపిస్తుంది. పల్లెల్లో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ సర్వసాధారణం. దాని మీద పడగలిగే భారం 20 కిలోవాట్లకు కొంచెం అటూఇటూ. ఒక వీధిలో ఇరవై స్కూటర్లు ఒకేసారి ఛార్జింగుకు పెడితే 15 కిలోవాట్లు. ఇంటి దగ్గర 7 కిలోవాట్ల ఛార్జరు పెట్టుకున్న కార్లు మూడుంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యమంతా వాటికే చెల్లు. ఇంకేది వేసినా ఓల్టేజీ పడిపోతుంది, ఫ్యూజు పోతుంది, వేసవిలో ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. విద్యుత్ కేంద్రాలు చాలినా వీధి తీగ చాలదు. ఈ ప్రాంతానికి కరెంటు సరఫరా బాధ్యత తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది. కుప్పం వైపు గ్రామీణ విద్యుత్ సహకార సంఘం, జనం నోట ‘రెస్కో’, దశాబ్దాలుగా పల్లెలకు కరెంటు పంచింది. బండ్లు ఏ వీధిలో పెరుగుతున్నాయో ముందే గమనించి ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం ఇలాంటి సంస్థలు చేయాల్సిన పని. కాలిపోయాక మార్చడం కంటే అదే చౌక.

జనం ఎక్కువవడమేనా కారణం?

జనాభా తిండిని మించి పెరుగుతుందని ఇంగ్లండులో మాల్థస్ 1798లోనే హెచ్చరించాడు. 1968లో అమెరికా శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ రాసిన పుస్తకం ఆ భయాన్ని మళ్లీ లేపింది. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. 2023లో భారత్ చైనాను మించి మొదటి స్థానానికి వచ్చింది. ఈ అంకెలు వింటే భయం సహజమే.

తెలుగు నేల మీద పరిస్థితి మాత్రం దానికి ఎదురుగా నడుస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 1.7కు దిగింది. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. 2001-2011 మధ్య దేశ జనాభా దాదాపు 18 శాతం పెరిగితే, చిత్తూరు జిల్లాలో పెరుగుదల 11 శాతం దగ్గరే ఆగింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న మూడు దశాబ్దాల నాటి నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. జనాభా అదుపు గురించి మాట్లాడిన రాష్ట్రం ఇప్పుడు వయసుమళ్లినవాళ్లు ఎక్కువవడం గురించి ఆలోచిస్తోంది.

జనం పెద్దగా పెరగకపోయినా కరెంటు వాడకం పెరుగుతూనే ఉంది. కారణం తలలు కాదు, ఇళ్లు. ఉమ్మడి కుటుంబం మూడు కాపురాలైతే ఒక ఫ్రిజ్ మూడు ఫ్రిజ్‌లవుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకుంటే, నీళ్ల వంతు కుదరని చోట ఎవరి బోరు వాళ్లు వేసుకుంటారు. భూమి అంతే, మనుషులు అంతే, మోటర్లు మాత్రం మూడు. పక్కపక్కనే పడ్డ బోర్లు ఒకదాని నీళ్లు ఒకటి లాక్కుని మూడూ లోతుకు పోతాయి. మరోపక్క కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయే వందలాది మంది శ్రమా, వాడకమూ నగరం లెక్కలో పడతాయి. జనం ఎంతమంది అన్నదానికంటే ఎక్కడ, ఎలా బతుకుతున్నారన్నదే కరెంటు గిరాకీని నిర్ణయిస్తోంది.

దేశాల మధ్య పోలికా ఇదే చెబుతుంది. భారతదేశంలో తలసరి విద్యుత్ వాడకం ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు. అమెరికాలో అది 12,000 దాటుతుంది. అక్కడ ఒకరు వాడే కరెంటు ఇక్కడ ఎనిమిది మంది సర్దుకుంటున్నారు. తక్కువ వాడేవాళ్ల సంఖ్యను తప్పుపట్టడం వల్ల శక్తి కొరత తీరదు. పల్లె పేదవాడికి పిల్లలెక్కువై కరెంటు చాలడం లేదన్న మాట లెక్కకు నిలవదు, న్యాయానికీ నిలవదు.

ఎండ చేతిలో జవాబు

రాయలసీమకు కొదవలేనిది ఎండ. మదనపల్లెకు ఉత్తరాన నంబులపూలకుంటలో, కర్నూలు వైపు గని, శకునాల ప్రాంతంలో భారీ సౌర విద్యుత్ పార్కులున్నాయి. కర్నూలు పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. ఇంటి కప్పు మీద పలకలు పెట్టుకునేవాళ్లకు కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. కుప్పం మండలం నడిమూరులో ఇంటింటికీ సౌర పలకలు అమర్చే పనిని 2025 జనవరిలో ప్రారంభించారు. 2 కిలోవాట్ల పలకలు నెలకు 200 యూనిట్లకు పైగా ఇస్తాయి. ఇంటి అవసరాలు పోను ఒక స్కూటరుకు కావలసిన 40 యూనిట్లు అందులోనే సర్దుకుంటాయి.

ఇక్కడా చిక్కు వేళదే. ఎండ పగలు, బండి ఇంటికొచ్చేది రాత్రి. అందుకే ఛార్జింగు జరగాల్సిన చోటు ఇల్లొక్కటే కాదు. బడి, ఆసుపత్రి, మండల కార్యాలయం, మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు, రైల్వే స్టేషను లాంటి చోట్ల బండ్లు పగలంతా నిలిచే ఉంటాయి. కుప్పం స్టేషనులో పొద్దున్నే బండి పెట్టి రైలెక్కే మనిషి రాత్రికి గానీ తిరిగిరాడు. ఆ పది గంటల్లో నెమ్మదిగా ఎక్కే మామూలు ప్లగ్గు చాలు, ఖరీదైన ఫాస్ట్ ఛార్జరు అక్కర్లేదు. ఛార్జింగ్ కేంద్రాలకు ఎండ వేళల్లో తక్కువ ధర, మిగతా వేళల్లో ఎక్కువ ధర ఉండాలన్న కేంద్ర మార్గదర్శకాల ఉద్దేశం కూడా ఇదే.

పగటి మిగులును రాత్రికి దాచే పెద్ద ఏర్పాట్లూ సీమలోనే వస్తున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టింది. ఎండ కరెంటుతో కింది జలాశయం నీటిని పైదానిలోకి ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు.

బొగ్గు, బ్యాటరీ

బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో నడిస్తే పొగ మారేది చోటే కదా అన్న ప్రశ్నకూ లెక్కలో జవాబుంది. దేశంలో నాలుగింట మూడొంతుల కరెంటు బొగ్గు నుంచే వస్తోంది. ఒక యూనిట్‌కు సగటున 700 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన 100 కిలోమీటర్లకు విద్యుత్ స్కూటరు వాటా, తీగల నష్టంతో కలిపి, సుమారు మూడు కిలోలు. రెండు లీటర్ల పెట్రోలు కాల్చితే నాలుగున్నర కిలోలు. ఎండ, గాలి కరెంటు వాటా పెరిగేకొద్దీ మొదటి అంకె తగ్గుతూ పోతుంది, రెండోది మారదు. పైగా దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే.

బ్యాటరీ సంగతి ఇంకా తేలాల్సి ఉంది. లిథియం ఇప్పటికీ బయటినుంచే వస్తోంది. తిరుపతి కేంద్రంగా 1985లో మొదలైన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల ప్రణాళికతో లిథియం సెల్‌ల కర్మాగారం చేపట్టింది. వాడేసిన బ్యాటరీలను తయారీదారులే వెనక్కి తీసుకోవాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్‌లలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత పరీక్షల ప్రమాణాలు కఠినం చేశారు. పడకగదిలో ఛార్జింగు పెట్టకపోవడం, కంపెనీ ఛార్జరే వాడడం, ఎర్తింగు సరిచూసుకోవడం ప్రతి ఇంటా పాటించాల్సిన జాగ్రత్తలు.

చేయాల్సిన పనుల వరుస

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే పడమటి మండలాల్లో కరెంటు బండ్లకు కరెంటు చాలుతుంది, అయితే మూడు పనులు వెంట జరగాలి. మొదటిది నీటి పొదుపు: చెరువులు నిండి, డ్రిప్ పెరిగి, బోరు లోతు తగ్గితే మిగిలే కరెంటు ముందు బండ్ల వాటా చాలా చిన్నది. రెండోది వేళ: పగలు బండ్లు నిలిచే చోట ప్లగ్గులు పెట్టాలి, ఇళ్లలో రాత్రి పదకొండు తర్వాత ఛార్జింగు అలవాటు కావాలి. మూడోది వీధి ట్రాన్స్‌ఫార్మర్: పల్లెకు బండ్లు వచ్చాక కాదు, రాకముందే దాని సామర్థ్యం పెంచాలి. ఈ మూడింటిలో ఏదీ జనాన్ని తగ్గిస్తే తప్ప కుదరనిది కాదు. ఊరి పంచాయతీ, నీటి సంఘం, కరెంటు ఆఫీసు కలిసి కూర్చుంటే మొదలుపెట్టగలిగినవే అన్నీ.